ముడి వేసిన కవరు

(కనుమ సాయంత్రం ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో ఒక రిటైర్డ్ పశువైద్యుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. గారెలు తిని హాయిగా పడుకోవాల్సిన పూట మీరంతా కదిలి వచ్చారు. అదీ పేడ గురించి, పొట్ట గురించి మాట్లాడే పశువుల డాక్టరు మాట వినడానికి! వెనక వరసలో ఎవరికైనా కునుకు పడితే మొహమాటపడకండి. నాకూ వస్తోంది.

కార్యదర్శి గారు నాకిచ్చిన విషయం 'ప్లాస్టిక్ వ్యర్థాలు, పర్యావరణం'. చాలా పెద్ద విషయం. సముద్రాలు, తాబేళ్ళు, తిమింగలాలు అన్నీ వస్తాయందులో. వాటి గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళున్నారు. నాకు తెలిసింది ఆవు పొట్ట. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగమంతా దాని చుట్టూనే గడిచింది. కాబట్టి ఈ సాయంత్రం మిమ్మల్ని అందులోకి తీసుకెళ్తాను. ఇప్పుడే తిని వచ్చినవాళ్ళు నన్ను క్షమించాలి.

పొద్దున మీ గేటు దగ్గర గోపూజ జరిగింది. నేనూ ఉన్నాను. కొమ్ములకు రంగులేశారు, మెడలో బంతిపూల దండ వేశారు, నుదుట పసుపు కుంకుమ పెట్టారు. ఒకావిడ "ఎంత నిండుగా ఉందో చూడండి లక్ష్మీదేవిలాగా" అన్నారు. నిజమే, పొట్ట నిండుగానే ఉంది. హారతి అయ్యాక నేను వెళ్ళి ఎడమ డొక్క మీద పిడికిలి పెట్టి నొక్కాను. ఈ పెద్దాయనకేమైందా అన్నట్టు కొందరు చూశారు. ఎందుకు నొక్కానో తర్వాత చెప్తాను.

1990ల చివర్లో నేనొక చిన్న టౌన్లో పశువుల ఆసుపత్రిలో ఉండేవాణ్ణి. ఒక రోజు పాలమ్ముకునే ఒకావిడ తన ఆవును తోలుకొచ్చింది. జెర్సీ సంకరం, నాలుగో ఈత. మెడలో నల్లతాడు, దానికో గవ్వ.

"డాక్టరు బాబూ, పది రోజులైంది మేత ముట్టడంలేదు. పూటకు నాలుగు లీటర్లిచ్చేది లీటరుకు పడిపోయింది. దిష్టేమోనని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోశాను. వాము నూరి బెల్లంలో కలిపి పెట్టాను. ఊహూఁ, ఏం లాభంలేదు. మనిషిలాగా నావంక చూస్తా నిలబడతంది బాబూ" అంది.

పశువు తిన్నదంతా ముందు చేరేది ఎడమ పక్కనున్న పెద్ద పొట్టలోకి. అక్కడ స్టెతస్కోపు పెడితే, ఆరోగ్యంగా ఉన్న ఆవుకు రెండు నిమిషాల్లో మూడు సార్లయినా దూరంగా ఉరిమినట్టు చప్పుడు వినిపిస్తుంది. దీనికి చప్పుడు లేదు. పిడికిలితో నొక్కితే పూరీ పిండి మీద నొక్కినట్టు గుంట పడింది. అది పూడలేదు, అలాగే ఉండిపోయింది. విరేచనానికి మందిచ్చాను, కడుపుబ్బరానికి నూనె పట్టించాను. మూడు రోజులు చూసి, ఇక కోయక తప్పదన్నాను.

ఈ ఆపరేషను ఆవు నిలబడి ఉండగానే చేస్తాం. ఇనుప గొట్టాల చట్రంలో కట్టి, డొక్క చుట్టూ మత్తు ఇంజక్షన్లిచ్చి, జానెడు పొడవున కోస్తాం. తోలు, కండ, ఆ లోపల పొర. తర్వాత పెద్ద పొట్ట గోడను బయటికి లాగి తోలుకు కలిపి కుట్టాలి. లేకపోతే లోపలి మురికి కడుపులోకి జారి ఆవు చచ్చిపోతుంది. ఆ కుట్లయ్యాక పొట్టను కోశాను. మంచి పొట్టకు పులిసిన కుడితి వాసన ఉంటుంది, మాకు అలవాటే, అసహ్యమనిపించదు. ఇది మురిక్కాలవ వాసన కొట్టింది.

భుజందాకా తొడుగు వేసుకుని చెయ్యి లోపల పెట్టాను. ఆ తొడుగు కూడా ప్లాస్టిక్కే, ఒప్పుకోవాలి. చేతికి గడ్డి తగల్లేదు. మోకు తగిలింది. పొట్ట గోడలు నిమిషానికి ఒకటి రెండు సార్లు ముడుచుకుంటూ లోపలిదాన్ని కలియతిప్పుతాయి. ఆ తిప్పుడికి కవర్లన్నీ ఒకదానితో ఒకటి మెలికలు పడి మోకులాగా పేనుకుపోయాయి. నేను లోపలినుంచి విడదీస్తుంటే మా కాంపౌండరు బయట పట్టుకుని లాగాడు. పాల ప్యాకెట్లు, షాంపూ సాషేలు, గుట్కా పొట్లాలు, నైలాను తాడు, చెప్పు పట్టీ, కొబ్బరి పీచు, అన్నిటికంటే ఎక్కువగా కిరాణా కొట్టు పల్చటి కవర్లు. ఆవిడ బకెట్టు పట్టుకుని పక్కనే నిలబడింది. "ఇదంతా మా ఆవులోదేనా?" అని రెండు సార్లడిగింది. అందులోంచి ఒక కవరు తీసి నీళ్ళతో కడిగింది. ఎప్పుడో మూతపడిన బట్టల కొట్టు కవరు. అక్షరాలు చెరగలేదు. దాని మీదున్న ఫోను నంబరుకు నాలుగంకెలే. మా ఊళ్ళో అప్పటికి నంబర్లు అయిదంకెలై చాలా కాలమైంది. అంటే ఆ కవరు ఎన్నేళ్ళుగా లోపలుందో లెక్కేసుకోండి.

ఇంకో చిన్న కవరు బయటికొచ్చింది. గట్టిగా ముడేసుంది. బ్లేడుతో కోసి చూశాను. ములక్కాడ పిప్పి, కరివేపాకు, పేస్టులా అయిపోయిన మెతుకులు. పొట్టంతా కలియతిరిగినా ఆ ముడి ఊడలేదు. ఎవరో వాసన రాకుండా శుభ్రంగా, పద్ధతిగా వేసిన రెండు ముడులు.

బయటికి తీసిందంతా గోనె సంచుల్లోకెత్తి పక్కనే ఉన్న ఎరువుల కొట్టు కాటా మీద పెట్టాం. ముప్పై కిలోలు దాటింది. తడి బరువే అనుకోండి. అయినా ముప్పై కిలోలు.

ఆవు ప్లాస్టిక్ తింటుందని అంటారు. ఆ మాట నాకు నచ్చదు. ప్లాస్టిక్ తినాలని ఏ ఆవూ అనుకోదు. మా చిన్నప్పుడు మా ఇంట్లో పెరటి గుమ్మం పక్కన కుడితి గోలెం ఉండేది. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు, అరటి దొప్ప, పిల్లలు వదిలేసిన మెతుకులు అన్నీ అందులోకే. సాయంత్రం దాంట్లో ఇంత తవుడు కలిపి గేదెల ముందు పెట్టేది అమ్మ. ఆ ఇంట్లో 'తడి చెత్త' అనే మాటే లేదు. చెత్త అంటే బూడిద, ఊడ్చిన దుమ్ము, అంతే. ఇప్పుడు గోలెం పోయింది. కానీ మెతుకులు, తొక్కలు ఎక్కడికి పోతాయి? అదే కుడితి. గోలెంలో పోసే బదులు కవర్లో పోసి ముడేసి రోడ్డు మీద పెడుతున్నాం. ఆవుకు ముక్కుంది, ఆకలుంది. కుడితి వాసన పట్టుకుని వస్తుంది. ముడి విప్పడానికి దానికి వేళ్ళు లేవు. అందుకని కవరుతో సహా మింగుతుంది.

మనమైతే నోట్లో వెంట్రుక తగిలితే ఉమ్మేస్తాం, ఆవు ఎందుకు ఉమ్మదు అని మీకు అనుమానం రావచ్చు. దాని నోరు అలాంటిది. ఆవుకు పైన ముందు పళ్ళుండవు, గట్టి చిగురే ఉంటుంది. నాలికతో చుట్టి, లాగి, రెండు సార్లు నమిలి మింగేస్తుంది. అసలు నమలడమంతా తర్వాత తీరిగ్గా పడుకుని నెమరేసేటప్పుడు. అడవిలో పులి వచ్చేలోగా కడుపు నింపుకోవాల్సిన జంతువు కదా, దానికి ఆ ఏర్పాటు సరిపోయింది. మేక నయం. పెదాలతో ఏరుకుని తింటుంది. అలాగని మేక కడుపులో కవర్లు చూడలేదని కాదు, చూశాను, తక్కువ.

పెద్ద పొట్ట అన్నాను కదా, ఎదిగిన ఆవుకు అందులో వంద లీటర్ల పైన పడుతుంది. మీ స్నానాల గదిలో డ్రమ్ములాంటిది. అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయి. గడ్డిని అరిగించేది ఆవు కాదు, అవి. గడ్డిలోని పీచును మనిషి అరిగించుకోలేడు, అవి అరిగిస్తాయి. కానీ పాలిథిన్‌ను అవి కూడా ఏమీ చెయ్యలేవు. పోనీ, కిందికి వెళ్ళి పేడలో పడిపోతుందా అంటే, పెద్ద పొట్టలోంచి కిందికి వెళ్ళే దారిలోంచి బాగా నలిగిన సన్నటి నలుసులే పోతాయి. అంత పెద్ద కవరు పోదు. పైకీ రాక, కిందికీ పోక అక్కడే ఉండిపోతుంది. రోజుకో కవరు చేరుతుంది. గడ్డికి చోటు తగ్గుతుంది. కడుపు నిండినట్టే ఉంటుంది కాబట్టి ఆవు మేత ముట్టదు. బయటికి నిండుగా కనిపిస్తుంది, లోపల పస్తు.

పొద్దున నేను నొక్కింది అందుకే. గుంట పడింది. పూడలేదు. ఆవు యజమానితో మాట్లాడాను, రేపు తీసుకొస్తానన్నాడు. కోయాలో వద్దో రేపు చెప్తాను. (సభలో గుసగుసలు) పండగ పూట చెప్పాల్సిన మాట కాదు, నాకు తెలుసు. కానీ మీరు దండేసిన ఆవు అది.

మేకులు, సూదులు, తీగముక్కల సంగతి వేరు. అవి బరువుకి, పెద్ద పొట్టను ఆనుకుని ఉండే రెండో గదిలోకి జారతాయి. ఆ గదికీ గుండెకీ మధ్య దూరం చాలా తక్కువ. ఒక్కోసారి సూది అక్కణ్ణించి గుండెలోకి దూసుకెళ్తుంది. కానీ దానికో ఉపాయముంది. చూపుడు వేలంత అయస్కాంతాన్ని ఆవు చేత మింగిస్తాం. అది ఆ గదిలోనే జీవితాంతం ఉండి ఇనుప ముక్కల్ని పట్టుకుంటుంది. ఇనుముకు అయస్కాంతముంది. ప్లాస్టిక్‌కు ఏదీ లేదు. కరిగించే మందు లేదు, కక్కించే మందు లేదు. కత్తి ఒక్కటే.

నాలాగా ఎవరి ఆసుపత్రిలో వాళ్ళం కోసి, కుట్టి, కవర్లు పారబోసి ఇంటికెళ్ళిపోయేవాళ్ళం. అది కోర్టుదాకా తీసుకెళ్ళాల్సిన విషయమని మాకు తట్టలేదు. తట్టినవాళ్ళు మన పుట్టపర్తిలో ఉన్నారు. అప్పట్లో అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. అక్కడ కరుణ సొసైటీ అని పశువుల్ని చేరదీసే సంస్థ ఉంది. వాళ్ళు ఆవుల పొట్టల్లోంచి బయటపడిన ప్లాస్టిక్ సంగతి పట్టుకుని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2012 మేలో జస్టిస్ సింఘ్వీ, జస్టిస్ ముఖోపాధ్యాయ ఆ పిటిషన్ విన్నారు. ముందు తరాలకు ఇది అణుబాంబును మించిన ప్రమాదమని ధర్మాసనం వ్యాఖ్యానించింది. పేపర్లన్నీ అణుబాంబు మాటనే హెడ్డింగు పెట్టాయి. నాకు మాత్రం పుట్టపర్తిలో ఆవు పొట్టలోని కవరు ఢిల్లీ కోర్టు బల్లదాకా చేరిందన్న సంగతే ఎక్కువ సంతోషమనిపించింది.

ఇక రూల్సు. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఇందులో ఒక తమాషా ఉంది. 1999లో మొదటిసారి కవరు మందం 20 మైక్రాన్లకు తగ్గకూడదన్నారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 2011లో 40 చేశారు. 2016లో 50. 2021 సెప్టెంబరు 30 నుంచి 75. 2022 డిసెంబరు 31 నుంచి 120. మన తల వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్ల మధ్య ఉంటుంది, దాంతో పోల్చుకోండి. ప్లాస్టిక్ తగ్గించమంటే మందం పెంచడమేమిటని చాలామంది నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నా అనుభవంతో సరిచూసుకుంటే అర్థమైంది.

నా సర్వీసు మొత్తంలో ఎన్ని ఆవుల్ని కోశానో గుర్తులేదు. ఒక్క ఆవు పొట్టలోనూ వాటర్ బాటిల్ దొరకలేదు. ప్లాస్టిక్ కుర్చీ ముక్క దొరకలేదు. విరిగిన బకెట్టు దొరకలేదు. అవి పెద్దవి, ఆవు మింగడానికి కుదరదు అంటారు. సరే, అదొకటి. కానీ అసలవి రోడ్డు మీద ఎంతసేపుంటాయి? తెల్లారుజామున సంచి భుజాన వేసుకుని చిత్తు ఏరుకునేవాళ్ళు వస్తారే, వాళ్ళు బాటిల్‌ను వదలరు. దానికి ధరుంది. పాత సామాన్ల కొట్లో కిలోల లెక్కన కొంటారు. పల్చటి కవరును వాళ్ళు ముట్టుకోరు. కిలో తూగాలంటే కొన్ని వందలు ఏరాలి, పైగా వాటికి అన్నం, కూర అంటుకుని ఉంటాయి. ఎవరు కొంటారు? చిప్స్ ప్యాకెట్టు, గుట్కా పొట్లం అయితే మరీ అన్యాయం. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతికించి చేస్తారు, వాటిని విడదీయడం కుదరదు, కొనేవాడే ఉండడు. ధర ఉన్నది చిత్తు ఏరేవాడి సంచిలోకి పోతోంది. ధర లేనిది ఆవు పొట్టలోకి పోతోంది. కవరును మందంగా చేస్తే దాని ఖరీదు పెరుగుతుంది, కొట్టువాడు ఊరికే ఇవ్వడు, మనం ఊరికే పారేయం, పారేసినా ఎవరో ఒకరు ఏరతారు. రూలు వెనకున్న ఆలోచన అది. తప్పు ఆలోచన కాదు.

కానీ రైతుబజారులో ఏం జరుగుతోందో మీకు తెలుసు. పావుకిలో పచ్చిమిరపకాయలకు ఒక కవరు, రెండు కట్టల కొత్తిమీరకు ఇంకోటి. ఊదితే ఎగిరిపోయేవి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, స్పూన్లు, థర్మోకోల్ అలంకరణ, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు, ఇవన్నీ నిషేధం. నా వెనకున్న బ్యానరు ఎన్ని మైక్రాన్లో నేను కొలవలేదు. (నవ్వులు) కార్యదర్శి గారిని ఇబ్బంది పెట్టను, ఆయన గారెలు నేను తిన్నాను.

నిన్నగాక మొన్న భోగి. మీ మంటలో టైరు ఒకటి చూశాను, రెండు బస్తాల కవర్లు కూడా పడ్డాయి. 'ఇల్లు శుభ్రమైంది' అన్నాడొక కుర్రాడు. నాయనా, పీవీసీ లాంటి ప్లాస్టిక్‌లు తక్కువ వేడిలో కాల్చితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. అవి బూడిదలో, గడ్డి మీద పడి, పశువు తింటే కొవ్వులో దాక్కుంటాయి. పాలలోని వెన్న కూడా కొవ్వే. భోగికి ఆవు పేడ పిడకలు వేసేవాళ్ళం ఒకప్పుడు. ఎందుకు మార్చుకున్నామో!

మనుషుల సంగతి కూడా అడుగుతారని ఒక్క మాట చెప్తాను. 2022లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 22 మంది రక్తం పరీక్షించారు. 17 మందిలో ప్లాస్టిక్ నలుసులు దొరికాయి. దానివల్ల ఏ జబ్బు వస్తుందన్నది డాక్టర్లు తేల్చాలి. నేను పశువుల డాక్టర్ని, నాకు కంటికి కనిపించే ప్లాస్టిక్‌తోనే సరిపోయింది.

పాలమ్మే ఆవిడని తిట్టుకోవద్దు. పొద్దున పాలు పిండుకుని ఆవును రోడ్డు మీదికి వదిలేస్తారని మన కోపం. నిజమే, వదిలేస్తారు. ఎండుగడ్డి ధర చూశారా? ఇదివరకు ఊరి చివర బీడు ఉండేది, పొద్దున్నే తోలితే సాయంత్రానికి అవే తిరిగొచ్చేవి. ఆ బీడులోనే ఇప్పుడు మనం కుర్చీలేసుకుని కూర్చున్నాం. ఈ కాలనీ లేఅవుటు వేసింది దాంట్లోనే. నేనూ ఇక్కడే ప్లాటు కొన్నాను, కాబట్టి నన్ను కూడా కలుపుకునే అంటున్నాను.

మున్సిపాలిటీ కార్మికులు ముందు వరసలో ఉన్నారు. వాళ్ళని ఇందాక అడిగాను, మీకేం కావాలమ్మా అని. "ముడులు వెయ్యకుండా ఉంటే చాలు సారూ" అంది ఒకామె. తడి చెత్త బుట్టలో కవరుతో సహా వేస్తే, ఆమె ఒక్కొక్కటీ చేత్తో విప్పాలి. విప్పేటప్పుడు బ్లేడులు గుచ్చుకుంటాయి, సిరంజిలు గుచ్చుకుంటాయి. ఆవుకు వేళ్ళు లేవు, ఈమెకున్నాయి, అంతే తేడా. తడి చెత్తను బండి దగ్గర డబ్బాలోంచి డబ్బాలోకి బోర్లించి, ఖాళీ డబ్బా ఇంటికి తెచ్చి కడుక్కోండి. చెయ్యి కొంచెం వాసనొస్తుంది. ఇంకొకటి. పాల ప్యాకెట్టు మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్క తెగిపోకుండా చూడండి. ఊడిన ముక్క ఏ బుట్టకూ చేరదు, ఎవరూ ఏరలేరు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఏమైనా అడగాలనుంటే అడగండి.

(ప్రశ్న: గుడ్డ సంచి తీసుకెళ్తే కూరగాయలవాళ్ళే కవర్లో వేసి సంచిలో పెడుతున్నారండీ, ఏం చెయ్యమంటారు?)

అవునమ్మా, మా ఆవిడకూ అదే గొడవ. తను నాలుగు చిన్న గుడ్డ సంచులు కుట్టించుకుంది, పాత జాకెట్టు గుడ్డలతో. మిరపకాయలకొకటి, అల్లానికొకటి. కూరగాయలాయన మొదట్లో నవ్వేవాడు. ఇప్పుడు "అమ్మగారొచ్చారు, కవరు తీయకు" అని కొడుక్కి తనే చెప్తున్నాడు. కవరుకయ్యే ఖర్చు అతనిదే కదా, అతనికి మాత్రం చేదా!

(ప్రశ్న: ఆవును కోశాక మళ్ళీ నెమరేస్తుందా?)

బాగా కుదురుకుంటే మూడు నాలుగు రోజుల్లో వేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంకో ఆవు పొట్టలోని నీళ్ళు తెచ్చి దీనికి పట్టిస్తాం, అందులో సూక్ష్మజీవులుంటాయి కాబట్టి. పెరుగుకు తోడు వేసినట్టన్నమాట.

(ప్రశ్న: తాతగారూ, మీరు చెప్పిన ఆ ఆవు, గవ్వ కట్టుకున్నది, బతికిందా?)

ఎవరా అడిగింది? నువ్వేనా, ముందుకు రా. బతికింది నాన్నా. వారానికి మేత పట్టింది. నెల తిరిగేసరికి పూటకు మూడు లీటర్లకు వచ్చింది. మరుసటేడు ఈనింది, పెయ్యదూడ. ఆవిడ జున్ను తెచ్చిచ్చింది మా ఇంటికి.

రెండేళ్ళ తర్వాత అదే ఆవును మళ్ళీ తోలుకొచ్చింది. డొక్క మీద నా పాత కుట్ల మచ్చ తెల్లగా ఉంది. దాని పక్కనే కోశాను.